పట్టములేని పాఠశాల

1964లో భారతప్రభుత్వము నియమించిన విద్యాసంఘము, ఆచార్య దౌలత్‌సింగ్ కొఠారీ అధ్యక్షతన దేశములోని విద్యావ్యవస్థనంతను ఆమూలాగ్రము పరిశీలించి, 1966 జూన్ మాసమున తన నివేదికను సమర్పించినప్పుడు, అందులో వ్యవసాయవిద్యకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించినది. ఆ అధ్యాయమున చేయబడిన సూచనలలో ఒకటి వ్యవసాయ పాలిటెక్నిక్కుల స్థాపన. పట్టభద్రుడైన ఇంజనీరునకును చేతిపనివానికిని నడుమ నిలిచి, పనిని చేయించుటయే గాక తానును చేయగల నిపుణుని తయారుచేయుటకై యంత్రశాస్త్రరంగమున పాలిటెక్నిక్కులు ఏ విధముగా పుట్టినవో, ఆ విధముగనే వ్యవసాయరంగమునందును మెట్రిక్యులేషను ముగించిన పల్లెటూరి యువకునకు సేద్యమునందును దాని అనుబంధ వృత్తులయందును పలువిధములైన నైపుణ్యములను గరపు బహుముఖ సంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయములతో సన్నిహిత సంబంధము కలిగి, వెలయవలెనని ఆ సంఘము తలచినది. కాని ఆ తలంపునుండి చర్చోపచర్చల మీదట వెలువడిన సంస్థ పాలిటెక్నిక్కను పేరుతోనూ వెలువడలేదు, పట్టమొసగు అధికారముతోనూ వెలువడలేదు. 1974లో పుదుచ్చేరిలో అది కృషి విజ్ఞాన కేంద్రముగా అవతరించినది. దేశమున అట్టి కేంద్రములలో అదియే మొదటిది. నేడు వాని సంఖ్య 700 దాటినది.

1966 మొదలు 1972 వరకు కొఠారీ సంఘపు సూచన విద్యామంత్రిత్వశాఖ, వ్యవసాయ మంత్రిత్వశాఖ, ప్రణాళికాసంఘము, భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి మున్నగువాని నడుమ చర్చింపబడుచుండెను. దీనిని కాలహరణమని నిందించుట సులభము. కాని నా దృష్టిలో ఆ చర్చకు మూలమైన ప్రశ్న చిన్నది కాదు. వ్యవసాయము నేర్పు పాఠశాల ఎవరికొరకు? ఉద్యోగము కోరి నేడో రేపో పల్లెను విడువనున్న విద్యార్థికొరకా, లేక పల్లెలోనే యుండి తన రెండెకరముల మీద సంసారమును ఈదవలసిన రైతుకొరకా? ఈ యిరువురికిని ఒకే పాఠ్యప్రణాళికతో, ఒకే పరీక్షతో విద్య గరపుట సాధ్యమగునా?

ఈ విషయమును తేల్చుటకై 1973లో పరిశోధన మండలి డాక్టర్ మోహన్‌సింగ్ మెహతా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. మెహతా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు కాడు. ఉదయపూరులో 1931లో విద్యాభవన్ అను సంస్థను స్థాపించి, అనంతరకాలమున అచటనే సేవామందిర్‌ను నెలకొల్పి, రాయబారిగా విదేశములలోనూ, ఉపకులపతిగా రాజస్థాన్ విశ్వవిద్యాలయములోనూ పనిచేసిన విద్యావేత్త. అట్టివాని చేతికి ఈ కార్యము వచ్చుటవలననే కాబోలు, 1974లో ఆ సంఘ మొసగిన నివేదికలో విద్యను గూర్చిన ఆలోచన ప్రయోగశాలనుండి గాక పల్లెనుండి ఆరంభమైనది. పని చేయుచునే పనిని నేర్వవలెననియు, దేశమంతటికిని ఒకే పాఠ్యక్రమము పనికిరాదనియు, ఆ యా ప్రాంతపు నేలకును నీటికిని అచటి జనుల అవసరమునకును తగినట్లు ప్రతి కేంద్రమును తన పాఠములను తానే నిర్ణయించుకొనవలెననియు, చిన్నకమతముల వారికిని బలహీనవర్గముల వారికిని ప్రథమస్థాన మొసగవలెననియు ఆ నివేదికాకర్తలు నిశ్చయించిరి. వీనియన్నిటికంటెను సాహసోపేతమైన నిబంధన వేరొకటి కలదు: శిక్షణ యెన్ని దినములు సాగినను, ఎట్టిదైనను, దాని చివర యోగ్యతాపత్రము గాని డిప్లొమా గాని ఒసగరాదు.

ఈ నిబంధనను గూర్చి కొంత నిలిచి ఆలోచింపవలసి యున్నది. మన దేశమున విద్యకును కాగితమునకును ఏర్పడిన బాంధవ్యము ఎంత గాఢమైనదో, 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన నయీ తాలీము ఆ బాంధవ్యమును త్రెంచలేక యెట్లు క్షీణించెనో ఎరిగినవారికి, మెహతా సంఘపు నిర్ణయము వెనుకనున్న భయము తేటతెల్లమగును. కాగితము చేతికందిన మరుక్షణమున దానిని పుచ్చుకొనినవాడు కార్యాలయము వంక చూచును. వానిని చూచి తరువాతివాడు కాగితము కొరకే చేరును. మరికొన్నేండ్లకు బోధించువాడును పొలమును విడిచి పరీక్షకే బోధించును. పట్టము నాశింపక వచ్చువాడు మాత్రమే తన మడిలో మరునాటినుండియే పనికివచ్చునట్టి విద్యను అడుగును; ఆ విద్య వానికి దొరకనిచో మరల గడప త్రొక్కడు. కనుక పట్టము లేకుండుట ఆ పాఠశాలకు లోపముగా గాక, బోధకులకు నిత్యపరీక్షగా ఉద్దేశింపబడినది. ఈ యాదర్శమును నేను నిండుమనసుతో గౌరవించుచున్నాను. దాని ఫలితము సంపూర్ణముగా సిద్ధించినదని మాత్రము అనజాలను.

పుదుచ్చేరి కేంద్రము తొలుత కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిపాలనక్రింద ఆరంభమైనది. నేడు పెరుందలైవర్ కామరాజ్ పేరు ధరించి, పట్టణపుటంచున కురుంబాపేటలో నున్నది. ఈ పరిసరములు విద్యాసంస్థలకు క్రొత్తవి కావు. పట్టణమునకు దక్షిణమున, వరిపంటకును విశాలమైన చెరువునకును పేరుగన్న బాహూరులో, 9వ శతాబ్దమున పల్లవరాజు నృపతుంగవర్మ కాలములో ఒక విద్యాస్థానము వర్ధిల్లెననియు, దాని పోషణకై మూడు గ్రామములు దానముగా నొసగబడెననియు అచటి తామ్రశాసనములు చాటుచున్నవి. ఆ దానము సామాన్యమైనది కాదు. కాని అందులోని వ్యవస్థను గమనింపుడు. దున్నినవాని కష్టఫలము విద్యాస్థానమునకు చేరినది. విద్యాస్థానపు శాస్త్రము దున్నినవానికి చేరవలెనన్న తలంపు ఆ కాలమునకు లేదు. ఆ కాలమును అందులకు తప్పుపట్టుట నా అభిమతము కాదు. ఋణము మాత్రము అట్లే నిలిచియున్నదని చెప్పక తప్పదు.

ఫ్రెంచివారి పాలనలో వ్యవసాయవిజ్ఞానము పుదుచ్చేరికి వేరొక ద్వారమున వచ్చెను. 1826లో ఏర్పడిన ఉద్యానవనము ఈనాటికిని పట్టణమధ్యమున వృక్షసంపదతో అలరారుచున్నది. ఆ పట్టణమున చిరకాలము పనిచేసి, 1870లో అచటనే కన్నుమూసిన పెరొత్తే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1842లో నీలిమందు సాగును, తయారీని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. నీలిమందుపై అంతటి శ్రద్ధ యేల యనగా, ఇచట నీలిరంగు వేయబడిన వస్త్రములు ఓడలపై పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ తీరమునకు పోవుచుండెను గనుక. 1848 అక్టోబరు 3వ తేదీన అదే ఫ్రాన్సు దేశము తన రైతుబిడ్డలకై క్షేత్రములనే పాఠశాలలుగా మార్చు శాసనము గావించి, పొలములో కూలి చేయుచు చదువు నేర్చుటకు వీలు కల్పించినది. స్వదేశమున రైతుకొరకు విద్య, వలసరాజ్యమున సరకుకొరకు విద్య! ఈ సీమకు ఇట్టి వెనుకటి చరిత్రముండుటచేతనే, స్వతంత్రభారతము తన తొలి కేంద్రమును ఈ పట్టణమున నెలకొల్పుటలో నాకొక ఔచిత్యము గోచరించుచున్నది.

కేంద్రములో జరుగు బోధన యెట్టిదో తెలియనివారు దానిని చిన్న కళాశాలగా ఊహింతురు. అట్లు కాదు. ఒక్కొక్క కేంద్రమునకు మంజూరైన సిబ్బంది పదునారుగురే. వారిలో అధిపతి ఒకడు, విషయనిపుణులు ఆరుగురు. వీరి పనిలో తరగతిగది బోధన ఒక భాగము మాత్రమే. పరిశోధనాస్థానములో ఫలించిన విత్తనము గాని పద్ధతి గాని ఈ ప్రాంతపు నేలలో ఫలించునా యని రైతు పొలములోనే పరీక్షించుట మొదటి మెట్టు. ఫలించినచో, మరికొందరు రైతుల భూములలో, వారి చేతులతోనే, క్రొత్త పద్ధతిని పాత పద్ధతి ప్రక్కనే సాగుచేయించి, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుట రెండవది. ఆకుమడిలో విత్తనశుద్ధి చేసిన నారును, చేయని నారును ప్రక్కప్రక్కన చూచిన రైతునకు అగ్గితెగులును గూర్చి ఉపన్యాస మక్కరలేదు. సుడిదోమ ఆశించిన చేనిలో మొదళ్లకు గాలివెలుతురు తగులునట్లు బాటలు తీసిన మడియును, తీయని మడియును ఒకే గట్టుమీద నిలిచి చూచినవాడు ఆ పాఠమును జీవితాంతము మరువడు. అటుపిమ్మటనే శిక్షణ: తేనెటీగలు, పుట్టగొడుగులు, పెరటికోళ్లు, అంట్లు కట్టుట, వర్మికంపోస్టు, భూసారపరీక్ష. శిక్షకుడు చూపును, శిక్షితుడు చేయును, తప్పినచో మరల చేయును.

ఇక మన తెలుగునేలకు వత్తము. వ్యవసాయపరిశోధనలో మనము వెనుకబడినవారము కాము. సామర్లకోట క్షేత్రము 1902లోనూ, అనకాపల్లి 1913లోనూ, మార్టేరు 1925లోనూ వెలసినవి. మార్టేరునుండి 1982లో వెలువడిన స్వర్ణ వరివంగడము ఆంధ్రదేశపు ఎల్లలు దాటి తూర్పుభారతమంతటను, బంగ్లాదేశమునను కోట్లాది జనుల కంచములో అన్నమైనది. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడినది. మరుసటి యేడు హైదరాబాదు రాజ్యములోను అట్టిది ఏర్పడినది. 1964లో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము అవతరించి, పిమ్మట ఆచార్య ఎన్.జి. రంగా పేరు ధరించినది. కొఠారీ సంఘము ఏ పేరును సూచించెనో ఆ పేరుతోనే ఈ విశ్వవిద్యాలయము వ్యవసాయ పాలిటెక్నిక్కులను నడపినది. రాష్ట్రవిభజన తరువాత తెలంగాణమునను అవి సాగుచున్నవి. అనకాపల్లి, మార్టేరు, పాలెము వంటి పరిశోధనాస్థానముల చెంతనే అవి యుండుట విజ్ఞతతో కూడిన ఏర్పాటు. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థికి రెండేండ్ల డిప్లొమా. విత్తనసాంకేతికము, సేంద్రియ వ్యవసాయము, వ్యవసాయ ఇంజనీరింగు మున్నగు శాఖలును కలవు.

ఈ విధముగా ఒకే తలంపునుండి రెండు కొమ్మలు వెలువడినవి. పుదుచ్చేరి కొమ్మ రైతును చేరదీసి పట్టమును వదలివేసినది. తెలుగునేలలోని పాలిటెక్నిక్కు పట్టమును చేపట్టి విద్యార్థిని చేరదీసినది. కాని ఆ విద్యార్థి రైతుగా మిగులుట యరుదు. వానిని నిందింపరాదు. డిప్లొమా చేతికి వచ్చిన పిల్లవాడు అగ్రిసెట్టు ప్రవేశపరీక్ష వ్రాసి బీయెస్సీలో సీటు సంపాదింపగోరును. లేదా గ్రామ వ్యవసాయ సహాయకుని ఉద్యోగమునకై ఎదురుచూచును. రెండును లభింపనిచో ఎరువులు పురుగుమందుల కంపెనీలో చేరును. ఈ మూడు మార్గములును గౌరవనీయములే. అయినను రెండేండ్లు పరిశోధనాక్షేత్రములో పైరు పెంచిన ఆ విద్యార్థికి, సొంత పెట్టుబడి పెట్టి, కౌలు కట్టి, వానకొరకు ఆకాశము చూచి, కళ్లములో ధాన్యము తడిసిన రాత్రి నిదురపట్టని మనుష్యునితో ఒక్క పంటకాలమైనను కలిసి బ్రదికిన అనుభవము లేకపోవుట వాని చదువులోని పెద్దలోటు. క్షేత్రములో పంట పోయినచో రికార్డులో ఒక పంక్తి వ్రాయబడును. రైతు మడిలో పంట పోయినచో ఇల్లు తాకట్టుకు పోవును. ఈ భేదమును గ్రంథము బోధింపజాలదు.

పుదుచ్చేరి కొమ్మకును తనదైన లోటు కలదు. 2003లో జాతీయ నమూనా సర్వేవారు రైతు కుటుంబములను విచారించినప్పుడు, ఆధునిక సాంకేతిక సమాచారమును ఏదో యొక మూలమునుండి పొందితిమని చెప్పినవారు నూటికి 40 మంది. వారు చెప్పిన మూలములలో తోటి అభ్యుదయరైతు 16.7 శాతముతో అగ్రస్థానమున నిలిచెను. ఎరువుల, విత్తనముల దుకాణదారుడు 13.1 శాతముతో తరువాతి స్థానమున నుండెను. ప్రభుత్వ విస్తరణాధికారికి 5.7 శాతము, కృషి విజ్ఞాన కేంద్రమునకు 0.7 శాతము. ఆనాటికంటె నేడు కేంద్రముల సంఖ్య పెరిగినమాట నిజము. జిల్లాకొక్కటి యుండు సంస్థ ప్రతి యింటి గడపకును పోజాలదనుటయు న్యాయమే. కాని దుకాణదారునకు దక్కిన విశ్వాసములో పదునెనిమిదవ వంతైనను కేంద్రమునకు దక్కలేదను ఆ లెక్కను చదివి కలత చెందని విద్యాభిమాని యుండడు. హైదరాబాదులోని మేనేజ్ అను వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ ఈ వాస్తవమును గుర్తించి, 2003లోనే దుకాణదారులకొరకు ఏడాది డిప్లొమాను ఆరంభించినది. పురుగుమందు అమ్మువాడే సలహాదారుడగునప్పుడు వానికి చదువు చెప్పుట మంచిదే. ఐనను సరకు అమ్ముకొను అక్కరలేని సలహాదారుడు ఊరిలో నొకడుండుట అంతకంటె మంచిది. అట్టివాడు ఎచటనుండి రావలెను? పట్టము కలిగి పొలము నెరుగని డిప్లొమాదారునిలోనుండి రాజాలడు. పొలము నెరిగి పట్టము లేక, బ్యాంకులోను సహకారసంఘములోను మాట చెల్లని శిక్షితునికి ఆ యవకాశము లేదు.

మెహతా సంఘపు నిర్ణయమును ఇచటనే నేను పునఃపరిశీలింపగోరుచున్నాను. భూమి కలవానికి కాగితముతో పనిలేదు. వాని పంటయే వాని సాక్ష్యము. కాని భూమిలేని కూలికి, భర్త పేరిట పట్టా యున్న రైతు మహిళకు, నర్సరీ పెట్టుకొనగోరు యువకునకు నేర్చిన పనిని లోకమునకు చూపు సాధనమొకటి కావలయును. బలహీనులకే ప్రాధాన్యమని పలికిన ఆ నివేదిక, కాగితము లేకపోవుటవలన అధికముగా నష్టపడువారు బలహీనులే యన్న సంగతిని తగినంతగా గమనింపలేదని తోచుచున్నది. కాలము ఈ దోషమును కొంత సవరించినది. ఇటీవలి సంవత్సరములలో కేంద్రములు 200 గంటలకు తక్కువకాని నైపుణ్యశిక్షణలను వ్యవసాయ నైపుణ్య మండలి గుర్తింపుతో నిర్వహించుచు, పరీక్ష పెట్టి పత్రములను ఒసగుచున్నవి. ఆ పత్రము మాత్రము పాలిటెక్నిక్కు ద్వారము వద్ద చెల్లుబాటు కాదు; డిప్లొమా విద్యార్థి కేంద్రములో చేసిన పనికిని ఆ పత్రము రాదు.

లోకములో అన్యత్ర ఈ రెండు కొమ్మలను వేరుచేయక పెంచినవారు లేకపోలేదు. కాలిఫోర్నియాలోని సాన్ లూయిస్ ఒబిస్పో పట్టణమున 1901లో వృత్తిపాఠశాలగా స్థాపింపబడిన పాలిటెక్నిక్కు, క్రమముగా రాష్ట్ర విశ్వవిద్యాలయముగా ఎదిగిన పిదపను, చేయుచు నేర్చుట యను నినాదమును విడువలేదు. మెహతా సంఘము ఎన్నుకొన్న సూత్రమును అదియే. అచట అది పట్టముతో కలిసి మనగలిగినది. పట్టము పనిని మ్రింగివేయునను భయము అన్నిచోట్లను నిజము కానక్కరలేదనుటకు ఇది యొక నిదర్శనము.

పుదుచ్చేరి పల్లెలు కాగితము నాశింపక విద్యను స్వీకరించిన సందర్భము మరియొకటి కలదు. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ విల్లియనూరు కేంద్రముగా గ్రామ విజ్ఞానకేంద్రములను నెలకొల్పి, ధాన్యపు ధరలను, వాతావరణమును, పథకముల వివరములను, తీరగ్రామములకు సముద్రపు అలల ఎత్తును ప్రతిదినమును తెలియజేసినది. 2004 డిసెంబరు 26వ తేదీన సింగపూరునుండి వచ్చిన ఒక టెలిఫోను హెచ్చరిక నల్లవాడు గ్రామములోని ఆ కేంద్రపు ధ్వనివర్ధకము ద్వారా ఊరంతయు వినబడినందున, సునామీ తాకకముందే జనులు తీరమును విడిచి ప్రాణములతో బయటపడిరి. వినుట కలవాటుపడిన ఊరు గనుక ఆ కేక విన్నది.

ఇక కర్తవ్యమును గూర్చి నా అభిప్రాయము విన్నవింతును. వ్యవసాయ డిప్లొమా చదువు ప్రతి విద్యార్థియు రెండేండ్లలో ఒక పూర్తి పంటకాలమును, దమ్ము మొదలు ధాన్యము అమ్ముడగు వరకు, సమీపపు కృషి విజ్ఞాన కేంద్రము ప్రదర్శనకై ఎన్నుకొన్న రైతు పొలములో గడపవలెను. బీయెస్సీ విద్యార్థులకు చివరి సంవత్సరమున గ్రామీణానుభవ కార్యక్రమము ఇదివరకే యున్నది. డిప్లొమావారికి అది పొడిగింపుగా గాక చదువునకు మూలస్తంభముగా నుండవలెను. డిప్లొమా విద్యార్థి మార్కులలో కొంతభాగమును ఆ రైతే నిర్ణయింపవలెను. ఇందులకు ప్రతిగా, కేంద్రములో నైపుణ్యశిక్షణ ముగించిన గ్రామీణ యువకునకు ఆ గంటలు పాలిటెక్నిక్కులో చెల్లునట్లు ఏర్పాటు చేయవలెను. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వృత్తిశిక్షణను సాధారణవిద్యతో సమానముగా లెక్కించుటకు అనుమతించుచున్నది గనుక, పూర్వమున్న సాంకేతికపుటడ్డంకి నేడు చాలవరకు తొలగినది. పదునారుగురు సిబ్బంది విద్యార్థులనుకూడ మోయగలరా యని ప్రశ్నింతురు. మోయలేరు, అదనముగా ఒకరిద్దరు బోధకులను నియమింపక తప్పదు. కాని ఊరూర తిరిగి చీడపీడల తీవ్రతను గుర్తించి తెచ్చు యువకులు పదిమంది లభించినచో, ఆ కేంద్రపు చూపు పదిరెట్లు విస్తరించునను లాభమును కూడ ఆ లెక్కలో చేర్చవలెను.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో ఈ ప్రయోగమునకు మొదట తగిన చోటు యానాము. రాజధానికి 800 కిలోమీటర్ల దూరమున, గౌతమీతీరమున, ఇంచుమించు 30 చదరపు కిలోమీటర్ల వైశాల్యములో తెలుగు మాటాడు ఈ సీమలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట ప్రభుత్వ పాలిటెక్నిక్కు కలదు. అచటి విద్యార్థి వ్యవసాయము నేర్వవలెనన్నచో, తమిళములో శిక్షణ సాగు కురుంబాపేటకు పోవుటకంటె, గోదావరి పరిసరములలో తన భాషలోనే తన నేలనుగూర్చి చెప్పువారి కడకు పోవుట మేలు. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనాస్థానమున్నది. మార్టేరులో వరి యున్నది. పూర్వము పొగాకు పరిశోధన సంస్థ యనబడిన సంస్థవారి కృషి విజ్ఞాన కేంద్రము కలవచర్లలో నున్నది. పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు ఒప్పందము చేసికొని, యానాము పాలిటెక్నిక్కులో పదిమందితో వ్యవసాయశాఖ నొకదానిని తెరచి, వారి పంటకాలమును కోనసీమ రైతుల పొలములలో గడపించుటకు క్రొత్త చట్ట మక్కరలేదు. విశ్వవిద్యాలయ విద్యామండలి తీర్మానమొకటి, వచ్చు సంవత్సరపు బడ్జెట్టులో ప్రయాణపు ఖర్చులకును వసతికిని ఒక పద్దు, తొలకరి కంటె ముందుగా రెండు ప్రభుత్వముల వ్యవసాయ సంచాలకులు కూర్చుండి వ్రాసికొను రైతుల జాబితా, ఇవి చాలును.